కృష్ణలో తెడ్డు బోర్డా, పాత తెరచాప బోర్డా: బెజవాడ, గుంటూరు వాళ్ళు ఏది కొనాలి

తీర్పు ముందే చెప్పేస్తాను. భవానీపురంలోనో, పటమటలోనో అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, తెల్లవారుజామున కృష్ణలో ఓ గంట నీళ్ళ మీద గడపాలనుకునే వాళ్ళకి గాలి నింపుకునే స్టాండప్ ప్యాడిల్ బోర్డు, అంటే నిలబడి తెడ్డు వేసే పలక, సరిపోతుంది. పాత విండ్‌సర్ఫింగ్ బోర్డు కొనాలనుకుంటే తెరచాప కోసం కొనండి. చవగ్గా వస్తోంది కదా, తెరచాప పక్కన పడేసి తెడ్డు వేసుకుందాం అన్న ఆలోచన మాత్రం నూటికి తొంభై మందికి కలిసిరాదు. ఆ మిగిలిన పది మంది ఎవరో కూడా చెబుతాను.

ఈ ప్రశ్న ఇప్పుడు ఎక్కువగా వినిపించడానికి కారణం ఉంది. గాలి నింపే బోర్డులు ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతున్నాయి. ఇంకోపక్క హైదరాబాద్, చెన్నై, గోవాల్లో సెయిలింగ్ చేసినవాళ్ళు ఇరవై, ముప్పై ఏళ్ళ కిందటి విండ్‌సర్ఫింగ్ బోర్డులు వదిలించుకుంటూ ఉంటారు. కొత్త ప్యాడిల్ బోర్డు ధరలో పావు వంతుకే పన్నెండు అడుగుల బోర్డు వస్తుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. రెండూ పొడవాటి పలకలే, రెండూ నీళ్ళ మీద తేలేవే, రెండింటి మీదా మనిషి నిలబడేవాడే. తేడా ఏముంది అనిపిస్తుంది.

తేడా అవి పుట్టిన పనిలోనే ఉంది. విండ్‌సర్ఫింగ్ బోర్డు అంటే తెరచాప బిగించిన పలక. కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్, హాయిల్ ష్వైట్జర్ అనే ఇద్దరు 1968లో పేటెంటుకి దరఖాస్తు చేసి 1970లో సంపాదించారు. అంతకుముందే అలాంటివి తయారు చేసుకున్నవాళ్ళు ఉన్నారని తర్వాత కోర్టుల దాకా వెళ్ళింది కానీ, ఆ గొడవ మనకి అనవసరం. వాళ్ళు చేసిన అసలు పని తెరచాప కొయ్యని బోర్డుకి ఎటైనా వంగే కీలుతో బిగించడం. దాంతో చుక్కాని అక్కర్లేకుండా, తెరచాపని ముందుకీ వెనక్కీ వాల్చే బోర్డుని తిప్పొచ్చు. డెబ్బై, ఎనభైల్లో యూరప్‌లో ఇది ఒక ఊపు ఊపింది. 1984 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. 1996, 2000, 2004 ఒలింపిక్స్‌లో వాడిన మిస్ట్రల్ వన్ డిజైన్ బోర్డు, ఈ పాత పొడుగు జాతికి మంచి ఉదాహరణ: పొడవు 3.72 మీటర్లు, వెడల్పు 63 సెంటీమీటర్ల పైచిలుకు, తెరచాప 7.4 చదరపు మీటర్లు.

ప్యాడిల్ బోర్డు చరిత్ర హవాయిది. వైకీకీ తీరంలో సర్ఫింగ్ నేర్పేవాళ్ళు బోర్డు మీద నిలబడి తెడ్డు వేయడం పాతదే అయినా, లేర్డ్ హామిల్టన్, డేవ్ కలామా లాంటివాళ్ళు 2000 తర్వాత మళ్ళీ తెడ్డు పట్టాక అది ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు మామూలుగా అమ్ముడయ్యేది 10 అడుగుల 6 అంగుళాల పొడవు, 32 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం ఉండే గాలి బోర్డు. లోపల పైపొరకీ కింది పొరకీ మధ్య వేల దారాలు నిలువుగా అల్లి ఉంటాయి. అందుకే గాలి నింపితే బుడగలా ఉబ్బకుండా పలకలా బిగుసుకుంటుంది.

వెడల్పు దగ్గరే లెక్క తేలిపోతుంది

పాత పొడుగు బోర్డు వెడల్పు సుమారు 65 సెంటీమీటర్లు. ప్యాడిల్ బోర్డుది 81. పావు వంతే కదా ఎక్కువ అనుకోవద్దు. పక్కకి ఒరగకుండా బోర్డుని నిలబెట్టే బలం వెడల్పు ఘనంతో పాటు పెరుగుతుంది. 81ని 65తో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేస్తే 1.9 దాటుతుంది. అంటే, పొడవు ఒకటే అనుకుంటే, దాదాపు రెట్టింపు నిలకడ. గాలి బోర్డు మందం వల్ల మనం నీటికి కొంచెం ఎత్తులో నిలబడతాం కాబట్టి అందులో కొంత పోతుంది, పాత బోర్డు పొడుగెక్కువ కాబట్టి ఇంకొంత తగ్గుతుంది. అయినా కాళ్ళకి ఆ తేడా మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

మరి అంత సన్నటి బోర్డు మీద వాళ్ళు ఎలా నిలబడేవాళ్ళు అంటే, తెరచాపని పట్టుకుని. గాలి తెరచాపని నెడుతుంది, మనిషి వెనక్కి వాలి బూమ్‌ని, అంటే తెరచాపకి అడ్డంగా ఉండే పట్టుకొయ్యని, లాగి పట్టుకుంటాడు. కదులుతున్న సైకిల్ పడిపోనట్టే ఆ బోర్డు కూడా పరుగులో ఉంటే కుదురుగా ఉంటుంది. తెరచాప తీసేసి తెడ్డు చేతికిచ్చారంటే ఆ ఊతం పోయింది. ఇక మిగిలింది మీ మడమలు, మీ మోకాళ్ళు, మీ ఓపిక.

తేలే శక్తి మాత్రం పొడుగు బోర్డులకి సరిపడా ఉంటుంది. మంచినీళ్ళలో లీటరు ఘనపరిమాణం కిలో బరువుని మోస్తుంది. 220 లీటర్ల పాత బోర్డు, దాని సొంత బరువు 18 కిలోలు, మీరు 75 కిలోలు. మొత్తం 93. ఇంకా వందకి పైగా మిగులుంది, కాబట్టి మునగదు. ఒరుగుతుందంతే. కానీ పాతది అన్న ప్రతి విండ్‌సర్ఫింగ్ బోర్డూ ఇలాంటిది కాదు. తొంభైల నుంచి వచ్చిన పొట్టి బోర్డులు, ఎనిమిది తొమ్మిది అడుగులవి, 90 నుంచి 120 లీటర్ల మధ్య ఉంటాయి. అవి బాగా గాలి ఉన్నప్పుడు నీటి మీద జారుతూ పోవడానికి చేసినవి. 100 లీటర్ల దాని మీద అదే 75 కిలోల మనిషి కదలకుండా నిలబడితే బోర్డు దాదాపు నీళ్ళలోనే ఉంటుంది. ఫోటోలో చూడ్డానికి నాజూగ్గా, మెరుస్తూ ఉండేవి ఇవే. అమ్మేవాళ్ళు లీటర్లు చెప్పకపోతే అడగండి. చాలా బోర్డుల మీద తోక దగ్గర రాసే ఉంటుంది.

ఇంకో చిక్కు గురించి ఎవరూ ముందు చెప్పరు. పాత బోర్డు నడుమ, సరిగ్గా మీరు పాదాలు పెట్టి నిలబడాల్సిన చోట, తెరచాప కొయ్య బిగించే లోహపు పట్టా ఉంటుంది. దాని వెనక డాగర్ బోర్డు, అంటే పక్కకి జారకుండా నీళ్ళలోకి దించే నిలువు పలక, దూర్చే పొడవాటి చీలిక. తెడ్డు వేయాలంటే బోర్డు బరువు మధ్యలో నిలబడాలి, అక్కడేమో ఈ పట్టా అరికాలికి గుచ్చుకుంటుంది. బోర్డు పైభాగం గరుకుకాగితంలా ఉంటుంది, షూ వేసుకున్నవాళ్ళకి జారకుండా. ప్యాడిల్ బోర్డు మీద ఉండే మెత్తటి ఫోమ్ ఇక్కడ లేదు. ఉత్త కాళ్ళతో అరగంట నిలబడితే పాదాలు మండుతాయి. మోకాళ్ళ మీద కూర్చున్నా అంతే. యోగా చాప ముక్క అంటించుకుని సర్దుకునేవాళ్ళు ఉన్నారు. పని చేస్తుంది కానీ, చీలికలోంచి అలకి ఒకసారి చిమ్మే నీళ్ళని అది ఆపలేదు.

ఇప్పుడు ఆ పది మంది ఎవరంటే: అరవై కిలోల లోపు బరువు, ఇదివరకే కయాక్ మీదో, నాటు పడవ మీదో అలవాటు, ఇంటి దగ్గర పొడుగు బోర్డు పెట్టుకునే చోటు, చేతికి దాదాపు ఉచితంగా వచ్చిన బోర్డు. ఈ నాలుగూ ఉంటే పాత బోర్డు మీద తెడ్డు వేయడం బాగుంటుంది. నిజానికి అది సూటిగా, చురుగ్గా పోతుంది. పొడవుగా సన్నగా ఉన్న బోర్డు నీటిని కోసుకుంటూ పోతుంది, గాలి నింపిన వెడల్పాటి బోర్డేమో నీటిని నెట్టుకుంటూ పోతుంది. డాగర్ బోర్డు దించితే గీత గీసినట్టు వెళ్తుంది కూడా. ఫెర్రీ వైపు దూరాలు పోవాలని ఉన్నవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

మన ఊరి గాలి

బోర్డు ఎంచుకునే ముందు మీ ఫోన్‌లో వాతావరణం యాప్ తీసి, మీరు నీళ్ళ మీదకి వెళ్ళగలిగే సమయానికి గాలి వేగం ఎంతుందో కొన్ని వారాలు గమనించండి. బోర్డు సమీక్షలన్నిటి కంటే అది ఎక్కువ చెబుతుంది.

గంటకి 12, 13 కిలోమీటర్ల లోపు గాలి ఉంటే ప్యాడిల్ బోర్డుకి పండగ. 20 దాటితే నిలబడి ఎదురుగాలికి తెడ్డు వేయడం నరకం, ఎందుకంటే నిలబడ్డ మన ఒళ్ళే తెరచాప అయిపోతుంది. అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డు పొట్టిగా పట్టుకుని రావాలి. పాత పొడుగు విండ్‌సర్ఫింగ్ బోర్డుకి సరదా మొదలయ్యేది ఆ మధ్యలోనే: 10 నుంచి 25 కిలోమీటర్ల గాలిలో, పెద్ద తెరచాపతో, హాయిగా తిరగొచ్చు. పొట్టి బోర్డులకి అయితే 28, 30 దాటాలి. అంత గాలి కృష్ణ మీద నిలకడగా ఉండే రోజుల కోసం ఎదురు చూస్తూ బోర్డు కొనడం దండగ.

మనకి కార్తీకం నుంచి మాఘం దాకా పొద్దున్నే గాలి ఉండదు. మంచు తెర కింద నది అద్దంలా పడుంటుంది. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి దొరికే సమయమూ అదే. ఆ సమయంలో తెరచాప బోర్డు తీసుకెళ్తే అరగంట బిగింపు, తర్వాత నడి నీళ్ళలో నిలబడి గాలి కోసం చూడటం. ఎండాకాలం సాయంత్రాలు, ఆ తర్వాత జూన్‌లో నైరుతి పడమటి గాలులు మొదలైనప్పుడు మధ్యాహ్నాలు, ఇవీ తెరచాప రోజులు. తీరా గాలి కుదిరే జులై చివరికల్లా పైనుంచి వరద మొదలైతే బ్యారేజీ గేట్లెత్తుతారు, నది మీదకి ఎవరూ వెళ్ళకూడదు. అంటే విజయవాడలో తెరచాప బోర్డు కాలం చాలా కురచ. ఏడాదిలో నాలుగు నెలల కోసం ఒక బోర్డు పోషించే ఓపిక మీకుందా అన్నదే ప్రశ్న.

గుంటూరు వాళ్ళకి లెక్క కొంచెం మారుతుంది. బాపట్ల మీదుగా సూర్యలంక దగ్గరే. వేసవిలో మధ్యాహ్నం తర్వాత సముద్రం మీంచి ఒడ్డుకి గాలి నిలకడగా వీస్తుంది, నది మీద వచ్చే ఆగాగి పోయే గాలి కంటే తెరచాపకి ఎంతో నయం. అదే చోట ప్యాడిల్ బోర్డుతో పొద్దున్నే దిగేవాళ్ళు ఒకటి గుర్తు పెట్టుకోవాలి. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. ఒడ్డు దగ్గర నీళ్ళు నున్నగా, అమాయకంగా కనిపిస్తాయి. తేలికైన గాలి బోర్డు ఆ గాలికి లోపలికి జారిపోతుంటే వంద మీటర్లు పోయేదాకా తెలియదు. సూర్యలంకలో ఈతకి దిగి కొట్టుకుపోయిన వార్తలు మనం తరచూ చదివేవే. అలల దగ్గర నేర్చుకోవడం మొదలు పెట్టకండి, ఏ బోర్డుతోనైనా.

మోసుకెళ్ళేది ఎవరు

స్విఫ్ట్ కారు పొడవు 3.85 మీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది. పాత పొడుగు బోర్డు 3.65 నుంచి 3.75. అంటే కారంత బోర్డు కారు నెత్తిన. క్యారియర్, బెల్టులు, ఓ ఎర్రగుడ్డ, బెంజి సర్కిల్ దగ్గర పక్క బండివాళ్ళ చూపులు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. దాంతో పాటు నాలుగున్నర మీటర్ల దాకా ఉండే కొయ్య, అది రెండు ముక్కలు కాకపోతే ఇంకో బాధ. పున్నమి ఘాట్ మెట్ల మీద పాచి ఉంటుంది. పద్దెనిమిది కిలోల పలకని చంకలో పెట్టుకుని, గాలికి అది తిరుగుతుంటే ఆ మెట్లు దిగడం ఒక్కడి పని కాదు. మూడో అంతస్తులో ఉండేవాళ్ళ గురించి చెప్పక్కర్లేదు, అది లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపులో తిరగదు. సెల్లార్‌లో పెడితే అసోసియేషన్ సెక్రటరీ గారు ఊరుకోరు.

గాలి బోర్డు మడిస్తే వీపు సంచి. పంపు, తెడ్డు, ఫిన్ (బోర్డు అడుగున తోక దగ్గర ఉండే రెక్క) అన్నీ కలిపి 12, 13 కిలోలు. ఆటోలో కాళ్ళ దగ్గర పెట్టుకుని వెళ్ళిపోవచ్చు, ఇంటికొచ్చాక బీరువా పక్కన నిలబెట్టొచ్చు. చేతి పంపుతో గాలి కొట్టడానికి పది నిమిషాల చెమట. ఒక్క ఈ కారణంతోనే బెజవాడలో చాలామందికి ఎంపిక అయిపోతుంది, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ఎందుకంటే వాడటం కష్టమైన బోర్డు రెండో నెలకే అటకెక్కుతుంది. పాత బోర్డు అటక కూడా ఎక్కదు.

ఉండవల్లి, తాడేపల్లి, సీతానగరం వైపు నదికి దగ్గర్లో సొంత ఇల్లో, తోటో ఉన్నవాళ్ళు ఈ పేరా చదవనట్టే వదిలేయొచ్చు. ఒక షెడ్డు కింద రెండు కొక్కేలకి బోర్డు వేలాడదీసుకునే అదృష్టం ఉంటే పాత బోర్డు మీద నాకున్న అభ్యంతరాల్లో సగం పోతాయి.

ఎండ దేన్ని ఏం చేస్తుంది

మన మే నెల గురించి బోర్డులు చేసిన దేశాల వాళ్ళకి తెలియదు. గాలి బోర్డుని పొద్దున్నే 25 డిగ్రీల దగ్గర 15 పీఎస్‌ఐకి నింపారనుకోండి. తిరిగొచ్చి కాంక్రీటు మెట్ల మీద పడేసి టిఫిన్‌కి వెళ్ళారు. లోపలి గాలి 50 డిగ్రీలకి వేడెక్కితే పీడనం పదిహేడున్నర అవుతుంది. ముదురు రంగు బోర్డు అయి 65 డిగ్రీలకి చేరితే 19. కొన్ని బోర్డులు 20 దాకా తట్టుకుంటాయి, చవక రకాల్లో అంచుల జిగురు అంతకుముందే వదిలేస్తుంది. నీళ్ళ మీద ఉన్నంతసేపు నదే దాన్ని చల్లబరుస్తుంది, ఒడ్డు మీదే ప్రమాదం. కాబట్టి మన దగ్గర వేసవిలో 12, 13 దగ్గర ఆపండి, ఒడ్డుకి రాగానే కొంచెం గాలి వదిలేయండి, లేత రంగు బోర్డే కొనండి. కారు డిక్కీలో మధ్యాహ్నమంతా ఉంచడం కూడా జిగురుకి మంచిది కాదు.

పాత బోర్డుకి ఎండ వేరే రకంగా హాని చేస్తుంది. రెండు చివర్లు ఆనించి ఎండలో ఏళ్ళ తరబడి పడుకోబెట్టిన ప్లాస్టిక్ బోర్డు నడుము వంగిపోతుంది. లోపలి ఫోమ్ నుంచి పైపొర ఊడి బొబ్బలు లేస్తుంది. తెరచాపలో అద్దంలా ఉండే ప్లాస్టిక్ పొర ఎండకి పెళుసెక్కి, మొదటి గట్టి గాలికే పర్రున చిరుగుతుంది. పాత డాక్రాన్ గుడ్డ తెరచాపలు చూడ్డానికి వెలిసిపోయినట్టున్నా ఇంకా పని చేస్తాయి. రెండు తెరచాపల్లో ఒకటి ఎంచుకోమంటే నేను గుడ్డదే ఎంచుకుంటాను.

పాత బోర్డు చూడ్డానికి వెళ్ళినప్పుడు

కాటా ఉన్న చోటే చూడండి. పాత బోర్డుకి అసలు రోగం నీళ్ళు తాగడం. కంపెనీ 16 కిలోలని చెప్పిన బోర్డు 24 తూగితే ఆ ఎనిమిది కిలోలూ ఫోమ్‌లో ఇంకిన నీళ్ళే. ఆరబెడితే పోతుందంటారు. నెలలు పడుతుంది, పూర్తిగా పోదు. తర్వాత బొటనవేలితో కొయ్య పట్టా చుట్టూ, నిలబడే చోట నొక్కుతూ రండి. మెత్తగా దిగితే ఆ బోర్డు వదిలేయండి. డాగర్ బోర్డు చీలికలోకి టార్చి వేసి లోపలి గోడల్లో పగుళ్ళు చూడండి, ఎక్కువ బోర్డులు అక్కడే నీళ్ళు తాగుతాయి. కొయ్య కింద ఉండే రబ్బరు కీలుని రెండు చేతులతో వంచి చూడండి. మడత దగ్గర సన్నటి చీలికలు కనిపిస్తే అది నడి నదిలో తెగుతుంది. తెగితే తెరచాప ఒక దిక్కు, బోర్డు ఒక దిక్కు. కొత్త కీలు ఈ ఊళ్ళో దొరకదు, తెప్పించుకోవాలి. కొలత కూడా బ్రాండుకొకటి.

మరమ్మతు సంగతికొస్తే మన ఆటోనగర్ ఉంది కదా అనిపిస్తుంది. బస్సు బాడీలకి, బంపర్లకి ఫైబర్ పని చేసే చేతులు అక్కడ బ్రహ్మాండమైనవే. అయితే ఇస్తున్నది ఏ బోర్డో తెలుసుకుని ఇవ్వాలి. మామూలు ఫైబర్ పనికి వాడేది పాలియెస్టర్ రెసిన్. బోర్డు లోపల తెల్లటి పూసల థర్మోకోల్ ఫోమ్ ఉంటే ఆ రెసిన్ దాన్ని కరిగించేస్తుంది. పగులు పూడ్చబోతే గుంట పడుతుంది. దానికి ఎపాక్సీ రెసిన్ మాత్రమే వాడాలి. లోపల పసుపు రంగు పాలియూరెథేన్ ఫోమ్ ఉంటే ఏదైనా ఫరవాలేదు. పైపొర మైనంలా గోటికి గీరుకుపోయే పాలిథీన్ అయితే ఏ రెసినూ దానికి పట్టదు, వేడితో అతకాల్సిందే. గాలి బోర్డుకీ ఇలాంటి ముచ్చటే ఒకటుంది. చిల్లు పడితే పంక్చర్ షాపుకి తీసుకెళ్ళకండి. ట్యూబులకి వేసే రబ్బరు సొల్యూషన్ పీవీసీకి అంటదు. బోర్డుతో వచ్చిన ముక్క, పీవీసీ జిగురు వాడి ఇంట్లోనే వేసుకోవచ్చు. ఒక రోజు ఆరనిచ్చి గాలి నింపండి.

గుర్రపుడెక్క గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ప్యాడిల్ బోర్డు ఫిన్‌కి చిక్కితే వెనక్కి రెండు తెడ్లు వేస్తే ఊడిపోతుంది. పాత బోర్డు డాగర్ బోర్డు అరమీటరు పైన నీళ్ళలోకి దిగి ఉంటుంది, దారిలో ఉన్న నాచు, డెక్క, జాలర్ల వల అన్నీ పోగేసుకుంటుంది. ఇసుక మేటలు ఎక్కువున్న చోట నేలకి కూడా తగిలి ఆగిపోతుంది, మీరు మాత్రం ఆగరు.

ఎక్కడ దిగొచ్చు, ఎక్కడ వద్దు

భవానీ ద్వీపం, పున్నమి ఘాట్, బెర్మ్ పార్కు వైపు నీళ్ళు ఏడాదిలో చాలా కాలం దాదాపు ఒకే మట్టంలో నిలబడి ఉంటాయి. ప్రకాశం బ్యారేజీ ఆపిన నీళ్ళవి, తాగునీటికీ కాలువలకీ ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికీ అవే కావాలి. నేర్చుకోవడానికి ఇంత మంచి నీళ్ళు ఊరి నడిమధ్యలో ఉండటం అదృష్టమే. కానీ ఆ నీళ్ళన్నీ మొగ్గు చూపేది తూర్పుకి, బ్యారేజీ వైపుకి. వేసవి పడమటి గాలీ అటే నెడుతుంది. అందుకని బోర్డు ఏదైనా సరే, ముందు పడమరకి, ఎదురు వెళ్ళండి. అలిసిపోయాక నదే వెనక్కి తీసుకొస్తుంది. దిగగానే తూర్పుకి హాయిగా జారిపోయి, తిరిగి రాలేక చేతులెత్తేయడం కొత్తవాళ్ళు చేసే పని. ఈ ఒక్క విషయంలో తెరచాప బోర్డు ఇంకా ప్రమాదం, కీలు తెగినా, గాలి పడిపోయినా దానికి తెడ్డు ఉండదు. తెరచాప బోర్డు మీద వెళ్ళేవాళ్ళు చిన్న మడత తెడ్డు ఒకటి వీపుకి కట్టుకోవడం మంచిది.

బ్యారేజీ 1957లో పూర్తయింది, పొడవు 1,223 మీటర్లు, డెబ్బై గేట్లు. గేట్లు ఎత్తి ఉన్నప్పుడు ఆ లాగుడు ఎలా ఉంటుందో చూడాలంటే 2024 సెప్టెంబరు మొదటి వారం గుర్తు చేసుకోండి. 11.43 లక్షల క్యూసెక్కుల వరదలో ఎగువన కట్టేసిన పెద్ద పెద్ద పడవలే తాళ్ళు తెంచుకుని వచ్చి గేట్లని గుద్దాయి. 2017 నవంబరులో ఫెర్రీ దగ్గర పడవ బోల్తా పడిన రోజు వరద కూడా లేదు. లైఫ్ జాకెట్ గురించి ఇంతకంటే చెప్పను. పారే నీళ్ళలో బోర్డు తాడు చీలమండకి కట్టుకోకండి, ఏ రాయికో వలకో చిక్కితే వంగి విప్పుకోలేరు. నడుముకి కట్టి, లాగితే ఊడిపోయే రకం కొనుక్కోండి. దిగే ముందు ఘాట్ దగ్గర పర్యాటక శాఖ బోటింగ్ వాళ్ళనీ, పోలీసులనీ అడగండి, అనుమతి సంగతి వాళ్ళ దగ్గరే తేల్చుకోండి.

ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఇంటి పక్కనే ఉన్నాయి కదా అనుకునేవాళ్ళకి ఒక్క మాట: వద్దు. నీళ్ళు వదిలినప్పుడు ప్రవాహం గట్టిగా ఉంటుంది, గోడలు నిటారుగా ఉండి ఎక్కడానికి పట్టు దొరకదు, ముందు లాకులు. నీళ్ళు కట్టేసినప్పుడు బురద, మురుగు.

పిల్లలు, డబ్బులు, మూడో దారి

ఇంట్లో నలుగురూ వాడాలంటే ప్యాడిల్ బోర్డే. ముందు చిన్నపిల్లని కూర్చోబెట్టుకోవచ్చు, అమ్మానాన్నలు కూర్చుని కూడా తెడ్డు వేయొచ్చు, ఈత వచ్చినవాళ్ళు ఎవరైనా ఒక గంటలో నిలబడతారు. తెరచాప బోర్డు ఒంటరి సరదా. మొదటి కొన్నాళ్ళు నీళ్ళలో పడ్డ తెరచాపని తాడు పట్టి పైకి లాగడమే పని, నడుము నొప్పి ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగి మొదలు పెట్టాలి. కానీ ఒకసారి గాలి దొరికి, చేతుల్లో తెరచాప బరువెక్కి, బోర్డు దానంతటదే కదిలిపోతే, ఆ రుచి తెడ్డు బోర్డులో లేదు. గాలి చదవడం వస్తుంది. ఇది నేర్చుకోవాలన్న కోరిక బలంగా ఉంటే మిగతా కష్టాలన్నీ పడొచ్చు.

రెండూ కావాలనుకునేవాళ్ళకి మూడో దారి ఉంది. కొన్ని ప్యాడిల్ బోర్డుల మీద నడుమ తెరచాప కొయ్య బిగించే మరతో గుంట ఇస్తారు, కొన్నిటికి మధ్య ఫిన్ కూడా ఉంటుంది. పొద్దున తెడ్డు, సాయంత్రం నాలుగైదు చదరపు మీటర్ల చిన్న తెరచాప. పాత పొడుగు బోర్డంత చక్కగా ఎదురుగాలికి ఎక్కదు, గాలి పెరిగితే నడుమ వంగుతుంది. అయినా మన తేలికపాటి గాలికి, మన అపార్ట్‌మెంట్లకి ఇంతకంటే తెలివైన కొనుగోలు నాకు కనిపించలేదు. కొత్తగా డబ్బు పెట్టేవాళ్ళు ఆ మర గుంట ఉన్న బోర్డునే వెతకండి. ధర కొంచెం ఎక్కువైనా తర్వాత తెరచాప మీద మనసు పడితే ఇంకో బోర్డు కొనక్కర్లేదు.

గాలి బోర్డు కొనేటప్పుడు తెడ్డు మీద లోభం చేయకండి. చవక సెట్‌లో వచ్చే అల్యూమినియం తెడ్డు కిలో దాటుతుంది, గంటకి వేల సార్లు ఎత్తేది దాన్నే. పొడవు మీ ఎత్తు కంటే ఒక జానెడు ఎక్కువ పెట్టుకుంటే చాలు. తెడ్డు రెక్క వంపు ముందుకి చూడాలి, చాలామంది గరిటెలా వెనక్కి పట్టుకుంటారు.

పాత బోర్డు బేరంలో చూడాల్సింది బోర్డు ధర కాదు, దాంతో ఏమేం వస్తున్నాయన్నది. కొయ్య, కీలు, బూమ్, తెరచాప, డాగర్ బోర్డు, ఫిన్ అన్నీ ఒకదానికొకటి సరిపడేవి ఇస్తుంటే, ఒడ్డున నిలబెట్టి పూర్తిగా బిగించి చూపించమనండి. అలా బిగించి చూపించగలిగితే ఎక్కువ అడిగినా ఇవ్వొచ్చు. బోర్డు మాత్రమే ఉంది, మిగతావి ఎక్కడైనా దొరుకుతాయి అంటే ఊరికే ఇచ్చినా తీసుకోకండి. విడిభాగాలకి అయ్యే ఖర్చుతో కొత్త గాలి బోర్డు వచ్చేస్తుంది.